గుర్రం పక్కన నిలబడ్డ మనిషి

అమెరికాలో, కెంటకీలోని ఆ గుర్రప్పందేల మ్యూజియంలో, ఒక పాత పటం కింద గుర్రం పేరుంది, యజమాని పేరుంది, కళ్ళెం పట్టుకున్న నల్లమనిషి పేరు లేదు. ఆ గుర్రానికి పరుగు నేర్పింది ఆయనే. అప్పటికి బానిస. విడుదలయ్యాక కూడా ఎన్నో గుర్రాలను గెలిపించాడట.

ఈ సంగతి నాకు చెప్పింది అక్కడే నాతోపాటు పనిచేస్తూ ఆ గది ఊడ్చే పెద్దాయన. పటం అద్దం తుడిచేటప్పుడు ముందు ఆ మనిషి ముఖం తుడిచి, తర్వాతే గుర్రం జోలికి వెళ్ళేవాడు.

"మా తాతకి తాత, బ్రదర్. ఆ వంశంలో నేనొక్కణ్ణే మిగిలాను."

నాకు ఒళ్ళు మండింది. "మరి పేరు రాయమని అడగవేమయ్యా?"

"గొడవ చేస్తున్నానని నన్ను వేరే గదికి మార్చేస్తే? పొద్దున్నే పలకరించడానికి నాకింకెవరున్నారు?"

ఆయన చనిపోయాక నేనే వెళ్ళి మేనేజరుతో పోట్లాడాను. ఎన్నాళ్ళకో జవాబొచ్చింది: "వారి కుటుంబీకులెవరైనా వచ్చి అడిగితే తప్పక ఆలోచిస్తాం."