మల్లి ఈనిన ఐదు పిల్లలు

తడిసిన కుక్క వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న హైదరాబాదులో పక్కింటావిడ తన కుక్కకు సూది మందు వేయిస్తానంటే తోడు వెళ్లి, వానకు తడిసిన ఆ జీవం పక్కన కూర్చున్నంతసేపూ ముక్కు మూసుకునే ఉన్నాను. పొడుగు కాళ్లు, సన్నని నడుము, కోలమూతి. ఒంటిమీది నల్లచారలు తప్ప అచ్చం చిన్నప్పటి మా కుక్క మల్లిలాగే ఉంది.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నాయిన నల్ల గొర్రెలు కాసేవాడు. గొంగడికి నల్ల ఉన్నే కావాలి కనుక మచ్చల పిల్ల పుడితే మందలో ఉంచేవాళ్లు కాదు, అది పెరగకముందే కోతకు పోయేది. చలికాలం పొద్దున జొన్నరొట్టెల పొగ, తడి గొంగళ్ల కంపు, అంబలిలోకి కొరుక్కునే ఉల్లిగడ్డ ఘాటు, వీటి మధ్య పొయ్యి పక్కన ముడుచుకుని పడుకునే మల్లి మా ఇంట్లో మనిషి కిందే లెక్క. మందను తోడేళ్ల నుంచి కాచేది అదే. నాయిన రొట్టెలో మొదటి ముక్క దానికి, రెండోది నాకు. నాకు భలే కుళ్లుగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను నాలుగో తరగతిలో ఉండగా, పట్నం నుంచి, కుక్కల జాతులను నమోదు చేసే క్లబ్బు ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. మల్లి ఎత్తు, మూతి, తోక కొలిచి రాసుకున్నాడు. వీటిని ఒక జాతిగా పుస్తకంలోకి ఎక్కించాలంటే మూడు తరాలు ఒకే తీరుగా పుట్టాలని, ముందు మన దేశంలో ఒప్పుకుంటేనే బయటి దేశాల క్లబ్బులు వింటాయని చెప్పాడు. కడుపుతో ఉన్న మల్లి ఈనాక మళ్లీ వస్తానన్నాడు. అందరూ ఊరకుక్క అనే మల్లికి పుస్తకంలో పేరంటే నాయిన కాళ్లు నేలమీద ఆనలేదు.

మల్లి ఐదింటిని ఈనింది. మూడు తల్లిలాగే గోధుమరంగు, రెండింటికి ఒంటినిండా చారలు. నాయిన చాలాసేపు చూసి ఆ రెంటినీ గంపలో వేసుకున్నాడు.

"ఏడికి నాయినా?"

"రంగు తప్పినయి బిడ్డా. గొర్రెకైనా కుక్కకైనా జాతంటే గంతే."

వాగు దాకా వెంట పోయాను. అవి ఇంకా కళ్లు తెరవలేదు. నాయిన గంపను నీళ్లలో ముంచి పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. చెయ్యి పట్టుకుని లాగితే ఆగేవాడేమో. నేను లాగలేదు.

సాయంత్రానికి మల్లి ఆ రెంటినీ వాగులోంచి నోట కరుచుకొచ్చి, మిగతా మూడింటి పక్కన పడుకోబెట్టి, నాకుతూ కూర్చుంది. ఇల్లంతా ఆ వాసనే.

నెలకు క్లబ్బు ఆయన వచ్చి ఎన్ని పుట్టాయని అడిగాడు.

"మూడే సారూ" అన్నాడు నాయిన. ఆయన మూడనే రాసుకున్నాడు. నేను గడప మీదే కూర్చుని విన్నాను. మల్లి ఆ తర్వాత మంద వెంట పోలేదు.

మొన్న ఆ పశువుల దవాఖానలో డాక్టరమ్మ పక్కింటావిడ కుక్క కాగితాలు తిరగేస్తుంటే, చారలుంటే జాతి తప్పదా అని అడిగాను. ఎందుకు తప్పుతుంది, ఈ జాతిలో చారలవి మామూలే, ఒక ఈతలో పుట్టినవన్నీ ఉన్నవున్నట్టు రాయిస్తే చాలు అంది.

మా ఊళ్లో ఇప్పుడు నల్ల గొర్రెలు లేవు, మల్లి లాంటి కుక్క ఒక్కటీ లేదు. నాయిన పోయి ఆరేళ్లు. ఈ మాట ఆయనకు చెప్పే పని తప్పినందుకు, దేవుడు క్షమించుగాక, నాకు సంతోషమే కలిగింది.