తెమడ డబ్బాల నౌకరి

ఆ రోజుల్లో మా ఆలేరు వైపు ఒక ఆడపిల్లను మెచ్చుకోవాలంటే "నోట్లో నాలుక లేని పిల్ల" అంటే సరిపోయేది. చదువు, వంట, కుట్లు అల్లికలు అన్నీ ఆ తర్వాతి మాటలు. ఆ బిరుదు నాకు పోటీ లేకుండా వచ్చింది. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది వినబడక, ఎదురుగా కూర్చున్న నన్ను సార్లు రానిదాని కింద రాసుకున్న రోజులున్నాయి (చివరికి పక్కపిల్ల నా చెయ్యి పట్టుకుని పైకి లేపేది). ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాడేటప్పుడు పెదవులు మాత్రం కదిపేదాన్ని. నేను బాగా పాడతానని మా అవ్వ చివరిదాకా నమ్మింది. మనుషులతో చెప్పలేనిది డైరీతో చెప్పుకోవడం, చేతిలో పుస్తకం ఉంటే పక్కింటి పెళ్లి బాజా కూడా చెవిన పడకపోవడం, ఇదీ నా లోకం. అలాంటిదానికి దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, ఊరూరా తిరిగి, ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు నిలబడి, "గట్టిగా దగ్గండి, లోపలినుంచి కాండ్రించి ఈ డబ్బాలో ఉమ్మండి" అని చెప్పడం.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట ఇది. నల్గొండలో ఛాతీ జబ్బుల మీద ఒక పరిశోధన జరుగుతోందని, డిగ్రీలో సైన్సు చదివిన వాళ్లు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. పరిశోధన అన్న మాట చదవగానే నాకు తెల్లకోటు, మైక్రోస్కోపు, ఎవరూ మాట్లాడని గది కనబడ్డాయి. ఉద్యోగం వచ్చిందని తెలిసిన సాయంత్రం బాపు తన సైకిల్ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ "మా బిడ్డ సైంటిస్టయింది" అని చెప్పి పంక్చర్లు ఊరికే వేశాడు. చేరిన రోజున తెల్లకోటు ఇచ్చారు, కాదనను. దానితో పాటు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు సంచి నిండా ఇచ్చి జీపెక్కించారు. దగ్గుతో బాధపడే వాళ్ల తెమడలో టీబీ క్రిములను తొందరగా పట్టే కొత్త పద్ధతి ఒకటి, ఎప్పటినుంచో ఉన్న పాత పద్ధతి ఒకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొత్తది ఎంత నమ్మదగినదో తేల్చడం ఆ పరిశోధన. తేల్చేది ల్యాబు, తెచ్చేది నేను.

తేవడంలోనే ఉంది అసలు కష్టం. నోట్లో ఊరే ఉమ్మి వేరు, ఊపిరితిత్తుల అడుగునుంచి దగ్గితే వచ్చే తెమడ వేరు. క్రిములు ఉంటే గింటే తెమడలో ఉంటాయి. మాకు శిక్షణ ఇచ్చిన పెద్ద డాక్టరు సారు టేబులు పక్కన నిలబడి, పొట్ట పట్టుకుని, గది కిటికీలు అదిరేలా కాండ్రించి చూపించి, మమ్మల్ని కూడా ఒక్కొక్కరిగా చేయమన్నారు. నా వంతు వచ్చింది. అయిపోయిన తర్వాత కూడా ఆయన "ఊఁ, మొదలుపెట్టమ్మా" అంటున్నారు.

ఇక ల్యాబులో ఉండే ఆవిడను మేము చాటుగా భూతద్దం మేడం అనేవాళ్లం. నేను పంపిన డబ్బాలు తెరిచిన రోజు ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "ఏందమ్మా, మల్ల ఉమ్మే పంపినవ్. ఇందుల తెమడ యాడుందో జర నువ్వే చూపెట్టు." నేను ఫోను పట్టుకుని తల ఊపేదాన్ని (ఫోనులో తల ఊపితే కనబడదన్న సంగతి ఆవిడే ఒకసారి గుర్తుచేసింది).

అలా ఉండగా హాలియా దగ్గర ఒక ఊళ్లో, సాగర్ కాలువ నీళ్లతో వరి పండే చోట, ఒక చిన్న కోడలు చాలా వారాలుగా దగ్గుతోందని, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోందని అక్కడి ఆశా కార్యకర్త చెప్పింది. వెళ్లాను. ఆ కోడలికి నా వయసే ఉంటుంది. మెడ దగ్గర ఎముకలు తేలి, జాకెట్టు వదులై, కళ్లు మాత్రం పెద్దవిగా ఉన్నాయి. భర్త వరి కోసే మిషను మీద డ్రైవరు, ఎక్కువగా పై ఊళ్లలోనే ఉంటాడు. ఇంట్లో రాజ్యం అత్తది. మనిషి పొట్టే గాని ఆమె గొంతు కాలువ ఇవతల లేస్తే అవతల గట్టు మీద గేదెలు తలెత్తేవి.

తెల్లకోటు చూసి వాకిలి నిండా జనం చేరారు. "గిది దేనికి బిడ్డా?" అని అత్త డబ్బాను తిప్పి తిప్పి చూసింది. తెమడ పరీక్షకని చెప్పాను. "ఏమో, వినపడ్తలేదు. జర గట్టిగ మాట్లాడు, తిన్నవా లేదా?" అంది. మళ్లీ చెప్పాను. అత్త ముందు కోడలు గట్టిగా దగ్గడమే తప్పు, ఉమ్మడం ఇంకా పెద్ద తప్పు. ఆ పిల్ల గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిచ్చుక నీళ్లు తాగినంత చప్పుడు చేసి, డబ్బా మూతపెట్టి నాకిచ్చింది. అది ఉమ్మి అని నాకు తెలుసు. ఇలా కాదమ్మా, మళ్లీ గట్టిగా దగ్గు అని చెప్పడం నా పని. నేను చెప్పింది "థాంక్యూ".

భూతద్దం మేడం ఏమందో రాయక్కర్లేదు. జబ్బు తేల్చడానికి ఒక మనిషి దగ్గర మూడుసార్లకు మించి తీసుకోకూడదని మా పరిశోధనలో నియమం. మూడింటిలో ఒక్కటి కూడా సరైన తెమడ కాకపోతే పేరు కొట్టేయాలి. కొట్టేస్తే ఆ పిల్ల తనంతట తానుగా నల్గొండ దవాఖానకు వెళ్లదని ఆమె కళ్లు చూస్తేనే తెలుస్తోంది. అందుకని రెండో డబ్బాను ముందురోజే ఇచ్చి, పొద్దున లేవగానే, ముఖం కూడా కడుక్కోకముందు దగ్గి ఉంచమని చెప్పాను. పక్కన అత్త చేటలో బియ్యం ఏరుతోంది. పోతూ పోతూ, ధైర్యం చాలక, "ఈసారి మంచిగా రాకపోతే మా మేడం నన్ను కోప్పడుతుంది" అని కూడా గొణిగాను.

మర్నాడు డబ్బా నిండుగా ఉంది. ల్యాబు నుంచి ఫోను. "ఇగో, తెమడంటే గిది. గిట్ల పంపాలె. ఏం చెప్పినవమ్మా వాళ్లకు?" ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు అది. డైరీలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. తర్వాత ఫలితం వచ్చింది. కొత్త పద్ధతిలో లేదు, పాత పద్ధతిలో లేదు. టీబీ లేదు. దగ్గుమందు సీసా ఒకటి పట్టుకుని, శుభవార్త చెప్పేవాళ్ల నడకతో ఆ ఇంటికి వెళ్లాను.

కోడలు విని, సీసా తీసుకుని గూట్లో పెట్టింది. మాటను పొడిగించడానికి నేను అత్తవైపు తిరిగి, "తెమడ చాలా బాగా వచ్చిందవ్వా, మా మేడం ఎంతో మెచ్చుకుంది" అన్నాను.

"మెచ్చుకోకేం జేస్తది. నాది గద" అంది అత్త.

"మీది ఏమిటవ్వా?"

"తెమడ. దీనికి యాడొస్తది? కోడిపిల్ల లెక్క క్కు క్కు అంటది. నువ్వేమో మీ మేడం తిడ్తదని మొకం చిన్నగ జేసుకుంటివి. ఇద్దరి బాధ ఎందుకు సూడాలెనని నేనే రెండుపాలి కాండ్రిచ్చి నింపిన. నాటు కాడ గూడ గంతే. దానికి చాతగాకుంటే దాని మునుం గూడ నేనే పడ్త."

"అయ్యో అవ్వా, జబ్బు ఉందో లేదో చూడాల్సింది ఆమెకు కదా."

"ఒక్కింట్ల ఉంటున్నం, ఒక్క కుండలది తింటున్నం. నాది వేరు, దానిది వేరా?"

నాటు వేసేటప్పుడు కోడలి వంతు వరుస కూడా తానే వేసే మనిషి, కోడలి డబ్బా నింపితే తప్పేమిటో ఆమెకు చెప్పే తెలుగు నా దగ్గర లేదు. ఆవిడ ఊపిరితిత్తులు మాత్రం బంగారమని రెండు పద్ధతుల్లోనూ తేలింది.

భూతద్దం మేడంకు ఫోనులో చెప్పాను. "అంటే నేను మెచ్చుకున్నది అత్తనా?" అంది. అవునన్నాను. "సరే. ఇగ ఒక్క డబ్బానే ఉంది. గదీ గిట్లనే అయితే నేను గూడ ఏం చెయ్యలేను, పేరు తీసెయ్యాలె. ఈసారి నీ కండ్ల ముంగట తీపియ్యి, బిడ్డా." ఆవిడ నన్ను బిడ్డా అనడం అదే మొదలు. తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

మర్నాడు పొద్దున కోడలిని కాలువ గట్టు మీదికి రమ్మన్నాను. ఎండా, గాలీ, దూరంగా ఎరువు చల్లుకుంటున్న ఒక మనిషి తప్ప అక్కడ ఎవరూ ఉండరు. అత్త కూడా చీర సర్దుకుని బయల్దేరింది. "అవ్వా, మీరు రావద్దు" అన్నాను. ఆవిడకు వినబడలేదు. పెద్దవాళ్లకు ఎదురుచెప్పడమే కొత్త, అదీ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "సరే తియ్, మీ రహస్యాలు మీవి" అని ఆవిడ అరుగు మీద కూలబడింది.

గట్టు మీద ఆ పిల్ల డబ్బా పట్టుకుని నీళ్లవైపు చూస్తూ నిలబడింది. "నాకు రాక గాదు మేడం. నేనే రానిస్తలేను. దగ్గొస్తే నీళ్లు మింగుత, కొంగు కుక్కుకుంట. మా తల్లిగారి ఊర్ల ఒకామెకు గిదే జబ్బని తెలిసి అత్తగారోళ్లు తల్లిగారింటికి తోలిన్రు. మల్ల తీస్కపోలే."

"మందులున్నాయి. క్రమం తప్పకుండా వేసుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది" అన్నాను. నేను ఎంత మెల్లగా అన్నానో, ఆమెకు నమ్మకం కూడా అంతే కలిగింది.

"ఊరంత నిలబడి చూస్తుంటే నన్ను దగ్గు దగ్గంటివి గద" అంది ఆమె. "ఏదీ, నువ్వొకపారి దగ్గు. చూస్త."

న్యాయమైన మాటే. నేను గాలి ఏ వైపునుంచి వస్తోందో చూసుకుని, పొట్ట పట్టుకుని, డాక్టరు సారును తలుచుకుని కాండ్రించాను. ముక్కులోకి ఈగ దూరిన లేగదూడ చేసే చప్పుడు వచ్చింది. ఆమె కళ్లు పెద్దవి చేసింది. ఇది కాదు, చూడు అని ఇంకా గట్టిగా ప్రయత్నించాను. ఈసారి చప్పుడు అసలు రాలేదు, కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. మూడోసారి ఊపిరంతా బిగబట్టి ముందుకు వంగేసరికి చెప్పు జారి, ఒక కాలు మోకాలి దాకా పొలం బురదలో దిగబడింది.

ఆ పిల్ల నవ్వింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు జారిపోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఇన్నాళ్లూ నీళ్లతో మింగిన దగ్గంతా ఒక్కసారిగా కదిలి, నడుము వంచి, పక్కటెముకల్లోంచి తోసుకుని వచ్చింది. భయపడి మింగబోయింది. అప్పుడు అరిచాను నేను. "ఆపకు, మింగకు, రానియ్యి, లోపల్నుంచి రానియ్యి, డబ్బాలో, డబ్బాలో" అని. ఆ గొంతు ఎవరిదా అని నేనే వెనక్కి చూశాను. ఎరువు చల్లే మనిషి బేసిన్ కింద పెట్టి నిలబడిపోయాడు.

తెమడ వచ్చింది. ఎవరూ పొరబడడానికి వీల్లేని తెమడ. మూత బిగించి దాని మీద ఆమె పేరు రాశాను. ఆమె గట్టు మీద కూర్చుని రొప్పుతూ, ఇంకా నవ్వుతూ, ఏడుస్తూ ఉంది. ఇంతలో తుమ్మచెట్టు వెనకనుంచి అత్త లేచింది. అరుగు మీద ఉండమన్న మనిషి ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. కోడలి ముఖంలో రక్తం లేదు.

"తల్లిగారింటికి ఎవ్వలు తోల్తరే నిన్ను?" అంది అత్త. "తోలితే నాట్లెవ్వలేస్తరు, మీ అమ్మనా? లే. ఎండెక్కువయితాంది." లేవదీయడానికి చెయ్యి కూడా ఇచ్చింది. ఇంటికి చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

రెండు పద్ధతుల్లోనూ టీబీ ఉన్నట్టు తేలింది. జబ్బు ఉందని తెలిసి సంతోషపడటం ఎలాంటి సంతోషమో పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు. మందులు ఆ వారమే మొదలయ్యాయి. ఆ పిల్ల ఎవరికీ తెలియకూడదని భయపడిన సంగతిని అత్త రోజూ పొద్దున్నే వాడంతా వినబడేలా "ఏమే, టీబీ గోలి మింగినవా?" అని ప్రకటించేది. కొన్నాళ్లు ఊరు చెవులు రిక్కించింది. ఆ తర్వాత కోడికూత లాగే ఎవరికీ పట్టకుండా పోయింది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలని వెళ్తే మాత్రం అత్త ఒప్పుకోలేదు. "నాది ఎప్పుడో అయిపాయె. మీ మేడంను అడుగు" అంది.

మందులు పూర్తయ్యాక ఆఖరి తెమడ కోసం మళ్లీ వెళ్లాను. కోత అయిపోయి పొలాలు ఖాళీగా ఉన్నాయి. అదే గట్టు. ఆ పిల్ల బుగ్గలు నిండి, జాకెట్టు చేతులు బిగుతై, గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. సిగ్గు లేకుండా పొట్ట పట్టుకుని దగ్గింది. ఏమీ రాలేదు. గట్టిగా కాండ్రించింది, అచ్చం అత్తలా. గొంతు తప్ప ఏమీ రాలేదు. "వస్తలేదు మేడం. మంచిగ చేస్తున్న గద, ఎందుకొస్తలేదు? మీ మేడం నిన్ను మల్ల అంటదేమో" అంది దిగులుగా, ఇంకోసారి చేస్తానంటూ. లోపల ఏమీ లేదు కాబట్టే రావడం లేదని, రాకపోవడమే మనకు కావలసిందని చెప్పాను. ఆమె డబ్బాలోకి చూసి, నన్ను చూసి, మళ్లీ డబ్బాలోకి చూసింది.

తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ డబ్బాను సంచిలో వేయబుద్ధి కాలేదు. ఒళ్లో పెట్టుకుని, గుంతల దగ్గర రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అందులో ఏముంది మేడం, అంత భద్రంగా పట్టుకున్నరు అని జీపు డ్రైవరు అడిగాడు. "ఏమీ లేదన్నా" అన్నాను, గట్టిగానే. ఆ తర్వాత ఎన్నో పరిశోధనల్లో పనిచేశాను, ఎన్నో మంచి తెమడలు తెచ్చాను. అయినా ఒక ఖాళీ డబ్బా పట్టుకుని నల్గొండ దాకా తనలో తాను నవ్వుకుంటూ పోయిన ఆనాటి నోట్లో నాలుక లేని పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు కాస్త నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.