బావ బీరులో ఆసుపత్రి వాసన

కొత్తగా విలేకరి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నేను నోట్‌బుక్ తెరిస్తే చాలు, ఏ గుట్టయినా బయటపడి తీరుతుందని గట్టిగా నమ్మేవాణ్ని. తీరా మూడు నెలల్లో నేను బయటపెట్టింది పూడిపోయిన రెండు కాలవల్ని. అవి అంతకుముందే అందరికీ కనిపిస్తున్నాయి. అలాంటి సమయంలో మా బావ బీరు నా చేతికి చిక్కింది.

మా అక్క మొగుడు స్టీలు ప్లాంటు ల్యాబులో కెమిస్టు. ఆనందపురం దగ్గరి రైతుల బిడ్డ. ఇనుములో గంధకం ఎంతుందో ఆయన రాసిచ్చాక ఇంకెవరూ మళ్ళీ చూడరు. అంతటివాడు ఫోనులో చూసి నేర్చుకుని, మాల్టూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), చేదు కోసం హాప్స్ పువ్వులూ తెప్పించి, కంచరపాలెం ఇంటి మేడమీద గదిలో బీరు కాయడం మొదలుపెట్టాడు. (చట్టం ఏమంటుందో అప్పుడు మేం అడగలేదు, ఇప్పుడు మీరూ అడక్కండి.) మూడుసార్లు కాచాడు. మూడుసార్లూ ఒకటే రుచి. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే కట్టు కట్టే గదిలో ఏ వాసన వచ్చేదో, అచ్చం అదే. ఈలోగా ల్యాబు మిత్రులు నాలుగో కాపు రుచి చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు.

"ఇదీ ఇలాగే ఏడిస్తే రేపట్నించి నా రిపోర్టు ఎవుడు నమ్ముతాడ్రా?" అన్నాడు బావ. నవ్వుతూ అనలేదు.

నేను రంగంలోకి దిగాను. హార్బరు గాలి తగులుతోందన్నాను. బావ కిటికీ మూసేశాడు. సీసాలన్నాను, మరిగించాడు. ఈస్టు ముసలిదైపోయిందన్నాను, కొత్తది తెప్పించాడు. "నీళ్ళు?" అంటే మాత్రం కోపం వచ్చింది. "కొళాయి నీళ్ళు మీ అక్క సేత సీసాలో పట్టించి ల్యాబులో సూసానొరే. క్లోరిను లేదంటే లేదు. నాకే పాఠం సెప్తన్నావా?" నేను నోట్‌బుక్ మూసి కిందికి దిగాను.

వంటింట్లో అక్క వంజరం చేప ముక్కలు వేయిస్తోంది. మధ్యలో లేచి నీళ్ళ డ్రమ్ము మూత తీసి, చెంచాడు తెల్లటి పొడి వేసి గరిటెతో తిప్పింది.

"ఏటే అక్కా అది?"

"బ్లీచింగ్ పౌడరు. తుపానప్పుడు పంచారు కదా, పారెయ్యడం ఎందుకని వాడతన్నాను."

"బావ బీరుకి నీళ్ళు ఇందులోవేనా?"

"మరెక్కడివి? కొళాయి వచ్చేది పొద్దున్న గంటసేపు. మీ బావ లెగిసేసరికి అది ఆగిపోద్ది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరైనా అడిగారేటి? మేడమీద ఇద్దరూ గుసగుసలాడుకోడమే గాని!"

మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. బావకి సంగతి చెప్పాను. క్లోరిను మాల్టుతో కలిస్తే ఆ మందుల వాసనే వస్తుందని ఆయనకి నాకంటే బాగా తెలుసు. "నమూనా కొళాయి దగ్గర పట్టించి, బీరు డ్రమ్ము నీళ్ళతో కాసానొరే," అన్నాడు. ల్యాబు మనిషికి అంతకంటే తలవంపు లేదు. మర్నాడు తెల్లారకుండానే బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డాడు. (పెళ్ళయ్యాక అక్క చూసిన మొదటి వింత అదే.)

ఆ నీళ్ళతో కాచిన నాలుగో కాపు పులిసి తయారయ్యాక, ఒక ఆదివారం వచ్చిన ల్యాబు వాళ్ళలో అందరికంటే పెద్దాయన ఒక గుక్క తాగి, గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇంకో గ్లాసు పొయ్యవయ్యా," అన్నాడాయన. బావ గ్లాసు నింపి, నా భుజం మీద చెయ్యేశాడు. "ముందటి కాపుల్లో తప్పెక్కడుందో పట్టుకుంది మా బావమరిదేనండి."

ఆ తరవాత నా పేరుతో మొదటిపేజీ వార్తలు చాలానే వచ్చాయి. ఒక్కటీ ఆ చెయ్యంత బరువు తూగలేదు. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ కథ చెప్పి, "ఊహలు కట్టిపెట్టి, ఆ పని రోజూ చేసేవాళ్ళ దగ్గరికెళ్ళి అడగండి," అని గొంతు సవరించుకుంటాను. అక్క దగ్గరుంటే మాత్రం చెప్పను. ఒకసారి చెప్పబోతే అందరి ముందూ నవ్వేసింది. "అడగడానికొచ్చాడేటి వీడు? సేపముక్క కోసం వచ్చాడు!"

నిజమే. రెండు తిన్నాను కూడా.