మంచు మీద మా అత్తతో ఒక పగలు

పోయిన బుధవారం పొద్దున మా అత్త పోయింది. నేను మిల్లు ల్యాబులో ఉన్నాను. నూలు బలం చూసే మిషన్ నడుస్తా ఉన్నప్పుడు పక్కింటి అక్క ఫోన్ చేసింది. "అత్త లేస్తా లేదు పాపా. డాక్టర్ వచ్చి చూసినాడు. నిద్రలోనే పోయిందంట. నువ్వు బయలుదేరి రా" అని చెప్పింది. "సరిక్కా" అన్నాను. అని, మిషన్ మీద ఉన్న శాంపిల్ ముగించి, వచ్చిన నంబర్లు నోటులో రాసి, పెన్నుకు మూత పెట్టి, అప్పుడు బయలుదేరినాను. 

ఇంటికి పోయేసరికి హాలు నిండా మనుషులు. చోళపురం నుంచి కూడా బంధువులు అప్పటికే వచ్చేసినారు. నేను అత్త కాళ్ళ దగ్గర కూర్చొన్నాను. మా మామగారి అక్క, నాకు పెద్దమ్మ వరస, నా భుజం నొక్కి, "ఏడువమ్మా. లోపల పెట్టుకోగూడదు. నీ ఒంటికే చెరుపు" అనింది.

"వచ్చినప్పుడు ఏడుస్తాను పెద్దమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసుకుంది. నా వెనక ఏం మాట్లాడుకొని ఉంటారో నాకు తెలుసు. రెండున్నరేళ్ళ ముందు మా ఇంటాయన పోయినప్పుడు కూడా అదే మాట్లాడుకున్నారు. రాయి మాదిరి కూర్చోనుండాది అని. అప్పుడు ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది. ఈసారి తినలేదు. తినకుండా చేసింది అత్తే. అది ఎక్కడ జరిగిందో, ఎట్లా జరిగిందో రాసి పెట్టాలని కూర్చొన్నాను.

మా అత్త పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏదైనా ఒకసారి అడుగుతుంది. "అన్నం పెట్టనా?" అంటుంది. మనం ఫోను చూస్తా జవాబు చెప్పకపోతే, రెండోసారి అడగదు, అట్లని కోపమూ లేదు. గిన్నె మీద మూత పెట్టి పోతుంది. పెళ్ళయిన కొత్తలో అది నాకు పొగరు అనిపించింది. తర్వాత తెలిసింది, ఆమె ఎదుటి మనిషి చెవిని నమ్ముతుందని. "వినిపించింది కదా, ఇంకేంటికి మళ్ళీ" అనేది.

నలభై రెండేళ్ళకే మామగారు పోతే, సేత్తూరు దగ్గర ఉండే మామిడి తోట ఆమే చూసుకుంది. పొద్దున్నే టీవీఎస్ బండి మీద పోయి, ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చేసేది. అరవై దాటినాక మోకాళ్ళు నొప్పి వచ్చి బండి ఆపేసింది. ఆపేసినాక కూడా ఆదివారం ఆదివారం దాన్ని తుడిచి, ఒకసారి స్టార్ట్ చేసి, ఆ సద్దు కొంచేపు విని, ఆపి లోపలికి వచ్చేది. అన్నం నిలబడే తినేది. కూర్చో అత్తా అంటే, "కూర్చొంటే లేచేది ఎవరు" అనేది.

మా ఇంటాయన ఆమెకు ఒక్కడే కొడుకు. మిల్లులో మెయింటెనెన్స్ చూసేవాడు. ఇంజిన్ ఉండే ఏ వస్తువైనా సరే, ఆయనకు పిచ్చి. మంచు మీద పోయే బండ్ల వీడియోలు ఫోనులో చూసి చూసి, ఒకరోజు అత్తకు చూపించినాడు. ముందు రెండు చెక్కలు, వెనక బెల్టు, చక్రాలే లేవు. "ఇది ఎట్లా తిరుగుతుంది?" అని అత్త అడిగింది. ఆమె అడిగిందంటే అది పెద్ద విషయం. ఆ వారంలోనే ఆయన ముగ్గురికీ టిక్కెట్లు తీసినాడు. నార్వే దేశం పైకొన, ఆర్కిటిక్‌లో ఒక ఊరు. అక్కడ ఒక పగలంతా గైడుతో మంచు బండి మీద తిరిగే టూరు. మాసి నెలలో, ఫిబ్రవరి చివర్లో, ప్రయాణం.

ఐప్పసిలో, దీపావళి నెలలోనే, ఆయన పోయినాడు. మిల్లులోనే, పని చేస్తా చేస్తా, గుండె. నలభై తొమ్మిదేళ్ళు.

కార్యాలు ముగిసినాక ఒకరోజు టిక్కెట్లు వాపసు చేసేస్తాను అని అత్తతో చెప్పినాను. అత్త కూర తరుగుతా ఉండింది.

"పోదాం" అనింది.

"అత్తా, ఏడాది కూడా తిరగలేదు. ఊరు ఏమంటుంది?"

"పోదాం అని చెప్పినా కదా."

పెద్దమ్మ ఇంటికే వచ్చి అడిగింది, కొడుకు పోయి నాలుగు నెలలు కాలేదు, ఊరు చుట్టేదానికి పోతారా అని. అత్త ఆమెకు కాఫీ ఇచ్చి, "వాడికి చూడాలని ఉండింది. వాడు లేడు. మేము ఉండాము" అని మాత్రం చెప్పింది. పెద్దమ్మ కాఫీ సగంలో పెట్టేసి పోయింది. నాకు మాత్రం పోవాలనీ లేదు, వద్దనీ లేదు. ఎవరో తోస్తే కదిలే పెట్టె మాదిరి ఉన్నాను. మదురై, చెన్నై, ఇంకా రెండు ఏర్పోర్టులు. ఒక్కచోట కూడా నేను ఏమి తిన్నానో జ్ఞాపకం లేదు.

టూరు రోజు పొద్దున ఒక పెద్ద షెడ్డుకు పోయినాము. మా గైడు ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది, నెరిసిన జడ, ఎండకూ గాలికీ కాలిన మొహం. మందమైన ఒంటికోట్లు, బూట్లు, హెల్మెట్లు ఇచ్చింది. నా కారు లైసెన్స్ చూసింది. తర్వాత చేతిలోని కాగితం చూసి, ముగ్గురని ఉంది, మూడో మనిషి ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగింది. అత్త ముందుకు వచ్చి, "మై సన్. ఎక్స్‌పైర్డ్" అనింది.

గైడు నవ్వి, "పరవాలేదు, చాలామందికి అట్లా అవుతుంది. లైసెన్స్ రెన్యూ చేసుకొని ఇంకోసారి రమ్మనండి" అనింది.

అత్త నా మొహం చూసింది. నేను గైడు మొహం చూసినాను. సరిదిద్దే శక్తి లేక తల ఊపినాను. 

ఆమె బండి నడిపేది నేర్పించింది. కుడి బొటనవేలితో నొక్కితే పోతుంది, ఎడమ చేత బ్రేకు. ఒక ఎర్ర తాడు నా కోటుకు తగిలించి, రెండో కొన బండికి పెట్టింది. నడిపే మనిషి కింద పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుందంట. అత్త నా వెనక కూర్చొని రెండు చేతులతో నా నడుము పట్టుకుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి.

గైడు బండి ముందు, మా బండి వెనక. ఇంకెవరూ లేరు. ఊరు దాటినాక పొట్టి చెట్లు కొంత దూరం వచ్చినాయి, తర్వాత అవీ లేవు. దారి తెలిసేదానికి నాటిన కట్టెలు మాత్రం వరసగా ఉన్నాయి. సూర్యుడు కొండ అంచుకు ఆనుకొనే ఉన్నాడు, పైకి రాలేదు. ఇదంతా అందం అని నాకు తెలుసు. తెలుస్తా ఉండింది, తగలలేదు. గాజు పెట్టెలో వస్తువు చూసినట్లు చూస్తా పోయినాను. ఆయన ఉంటే ఈపాటికి ఇంజిను ఎన్ని సీసీ అని గైడును అడిగి ఉంటాడు అనుకున్నాను. అది కూడా ఒక సంగతి మాదిరే అనుకున్నాను, అంతే.

మధ్యాహ్నం ఒక చెక్క గుడిసెలో ఆపినాము. గైడు పొయ్యి రాజేసి, దుప్పి మాదిరి ఉండే అక్కడి జంతువు మాంసం కూర వేడి చేసి ఇచ్చింది. అత్త మా ఊరి ఆవకాయ చిన్న డబ్బాలో తెచ్చి ఉండింది. గైడుకు కొంచెం పెట్టింది. ఆమె తిని, కళ్ళలో నీళ్ళు వచ్చి, ఇంకా కొంచెం అడిగింది. అత్తకు ఆమె నచ్చేసింది. కూర బాగుంది అని చెయ్యితో చూపించి, నిలబడే తినింది.

అప్పుడు గైడు నన్ను అడిగింది, మీ ఆయన హోటల్లో ఒంటరిగా ఏం చేస్తా ఉంటాడు అని. ఇక దాచేదానికి కుదరలేదు. ఆయన చనిపోయినాడు, నాలుగు నెలలు అయింది, మా అత్త పొద్దున చెప్పింది అదే అన్నాను. గైడు చేతిలో గరిటె అట్లే ఉండిపోయింది. మొహం ఎర్రగా అయింది. తన భాషలో ఏదో గొణిగి, పొయ్యిలో ఇంకొక కట్టె పెట్టింది.

"ఏమంటాది?" అని అత్త అడిగింది.

"తప్పుగా మాట్లాడినానని బాధ పడతా ఉండాది అత్తా."

"తప్పు నా ఇంగ్లీషుది. ఆమెది కాదని చెప్పు."

చెప్పినాను. గైడు అత్త పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరూ కిటికీ నుంచి బయటికి చూస్తా నల్ల కాఫీ తాగినారు. అత్త చక్కెర లేని కాఫీ తాగడం నేను ఎప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జరిగింది అది. గాలి ఎక్కువయింది. మంచు పొడి లేచి, ముందు బండి దీపం ఒకసారి కనిపిస్తా, ఒకసారి పోతా ఉండింది. ఒక వంపు దగ్గర నేను తిప్పవలసింది తిప్పలేదు. ఎందుకో తెలియదు. వంపు వచ్చిందని చేతులకు తెలియలేదు. బండి దారి విడిచి మెత్తని మంచులోకి దిగి, పక్కకు ఒరిగింది. తాడు ఊడింది, ఇంజిన్ ఆగింది. నేను నడుము వరకు మంచులో కూరుకుపోయినాను.

అత్త నాలుగు అడుగుల దూరంలో వెల్లకిల పడి ఉండింది. కదలలేదు.

"అత్తా" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచినాను. పాకుతా పోయి ఆమె హెల్మెట్ అద్దం పైకెత్తినాను. కళ్ళు తెరుచుకొని ఆకాశం చూస్తా ఉండింది.

"నొప్పి ఉండాదా అత్తా? కాలు కదిలించు."

"ఏం నొప్పి లేదు. కొంచేపు ఉండనీ. నువ్వూ పడుకో."

పడుకొన్నాను. ఇంజిన్ లేదు కాబట్టి గాలి తప్ప ఏ సద్దూ లేదు. కొంచెం సేపటికి గాలి కూడా తగ్గింది. అప్పుడు అత్త మాట్లాడింది. పక్కన ఉన్న నాకే చాలినంత గొంతుతో.

"వాడు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు పాపా."

నేను ఆమె వైపు తల తిప్పినాను.

"అందరూ నన్నే చూస్తా ఉన్నారు. కన్నతల్లి ఏడవకుంటే ఏమంటారు? కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని అరిచినాను. కొంగు తడవలేదు. అప్పుడు నిన్ను చూసినాను. నువ్వు గోడకు ఆనుకొని ఊరికే కూర్చోనుండావు. ఎవరి కోసమూ ఏడ్చినట్లు చెయ్యలేదు. నాకు ఆ తెంపు లేకపోయిందే అని అనుకున్నాను."

"నాకు ఇప్పటికీ రాలేదత్తా" అన్నాను. అన్ని నెలల్లో ఎవరితోనూ అనలేదు ఆ మాట.

"నాకూ రాలేదు. రానప్పుడు రాదు. దానికి ఏం చేస్తాము."

అంతే చెప్పింది. మీరు అనుకోవచ్చు, ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చి ఉంటారని. లేదు. అట్లే పడుకోనున్నాము. మెడ దగ్గర సందులో నుంచి మంచు లోపలికి పోయి కరుగుతా ఉండింది. నాకు చలి వేసింది. నాలుగు నెలల తర్వాత నా ఒంటికి ఏదో తెలిసింది.

గైడు తిరిగి వచ్చింది. బండి ఆపి పరుగున దిగి, దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదని చెయ్యి ఊపినాను. ఆమె మమ్మల్ని ఇద్దరినీ చూసింది. లేపలేదు, తొందర పెట్టలేదు. తన బండి మీద కూర్చొని అటు తిరుక్కొని ఎదురు చూసింది. అత్త తానుగా "సరి, పోదాం" అన్నాకే వచ్చి చెయ్యి ఇచ్చింది.

ఊరికి వచ్చినాక అందరూ అడిగింది ఒక్కటే, మంచు దూది మాదిరి ఉండిందా అని. మిల్లు ఊరు కదా. "లేదు, ఉప్పు మాదిరి ఉండింది. కాలి కింద నలుగుతుంది" అని అత్త చెప్పేది. అంతకు మించి చెప్పేది కాదు. మంచులో అన్న మాట నాతో కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాము, ఒకే పొయ్యి మీద వండుకున్నాము. నేను ల్యాబు నుంచి ఆలస్యంగా వస్తే గిన్నె మీద మూత పెట్టి ఉండేది. ఒక్కోసారి పెరట్లో తలా ఒక పీట వేసుకొని కొండ వైపు చూస్తా కూర్చొనేవాళ్ళం. ఆమె కూర్చొనేది. అది కొత్త.

బుధవారం నుంచి ఇల్లు అట్లే ఉండాది. ఏడుపు ఇంకా రాలేదు. రాసేటప్పుడైనా వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. కళ్ళ ముందరికి వచ్చేది మాత్రం ఆ రోజు చివర, షెడ్డులో చూసిందే.

కోట్లు విప్పుతా ఉన్నాము. అత్త లోపల వెచ్చటి బనియనూ ప్యాంటూ వేసుకొని, వాటి మీద మామూలు నూలు చీర కట్టుకొని, దాని మీద ఒంటికోటు వేసుకోనుండింది. కరిగిన మంచుకు చీర సగం తడిసింది. అత్త చీర విప్పి, బనియను ప్యాంటుతోనే నిలబడి, ఆరేసేదానికి చోటు వెతికింది. గైడు వచ్చి ఒక కొన అందుకుంది. అత్త రెండో కొన పట్టుకొని వెనక్కి నడిచింది. ఆరు గజాలు నిండుగా చాపి, ఇనప పొయ్యి ముందర ఇద్దరూ చెరొక పక్క నిలబడినారు. ఒకరి భాష ఒకరికి రాదు. చీర పొడుగునా ఆవిరి లేస్తా ఉండింది.