నావి కాని కుట్లు

మొన్న ఎండ బాగా కాస్తోందని పెట్టె అడుగున ఉన్న పాత బొంతను తీసి డాబా మీద ఆరేశాను. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక సగం కుట్లన్నీ ఊడిపోయాయి, ఇంకో సగం చెక్కుచెదరలేదు, ఇదేం చిత్రం అత్తమ్మా అంది. చిత్రమేమీ లేదు. ఊడిపోయిన సగం నాది, నిలిచిన సగం నా నేస్తానిది.

మా తరం వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, బొంత ఒక్కరు కుట్టేది కాదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఆ అంచున ఒకరు, ఈ అంచున ఒకరు కూర్చుని కుట్టుకుంటూ వస్తే, నడిమిట్లో మోకాళ్లు తగిలేచోట అది పూర్తవుతుంది. ఇబ్రహీంపట్నంలో పంతులమ్మలుగా కొత్తగా చేరినప్పుడు మేమిద్దరం ఒకే అద్దెగదిలో ఉండేవాళ్లం. చలికి కప్పుకునేందుకు మా అమ్మల పాత చీరలతో ఆదివారాలు కూర్చుని కుట్టుకున్నది ఈ బొంతే. ఆమె కుట్టు నువ్వుగింజంత ఉండేది. నాది చూసి, "నీ కుట్ల సందుల కోడిపిల్ల దూరుతదే" అని వెక్కిరించేది, నేను ఉడుక్కునేదాన్ని. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, చెరో ఊరికి బదిలీలయి, చివరికి రిటైరైనా ఆమె ఆ మాట మాత్రం వదల్లేదు.

మా సోపతికి నలభై ఏళ్లు నిండుతున్నాయని, ఆమెకు తెలియకుండా ఒక బొంత కుట్టి ఇద్దామనుకున్నాను. ఆమె కోడలి ద్వారా చాటుగా ఆమె పాత చీరలు తెప్పించుకుని, నావి కలిపి, రెండు పక్కలా నేనే కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. ఈసారి వెక్కిరించే అవకాశం ఇవ్వకూడదని నా పంతం. కుట్టు కాస్త పెద్దదైతే చాలు, విప్పి మళ్లీ కుట్టేదాన్ని. కళ్లద్దాలు మార్చాను, వేళ్లు తూట్లు పడ్డాయి, రెండు నెలల పని ఏడాది దాటింది. ఆలోపు ఆమెకు క్యాన్సర్ ముదిరిందన్నారు. హైదరాబాద్ దవాఖాన వాళ్లు ఇక లాభం లేదని నాదర్‌గుల్‌లో కొడుకింటికి పంపేశారు.

బొంత చంకన పెట్టుకుని వెళ్లాను. మనిషి సగానికి సగమైపోయింది. అక్కడి పైలట్ల శిక్షణ మైదానం నుంచి లేచిన చిన్న విమానాలు ఇంటిమీద రొద పెడుతూ తిరుగుతుంటే, ఆ రొదలోనే ఆమెకు బొంత కప్పి సంగతి చెప్పాను. వేళ్లతో కుట్లు తడిమి చూసింది.

"గివి నీ కుట్లు కావు గదనే. ఎవలతోని కుట్టిచ్చినవ్?"

నేనే కుట్టానని ఒట్టు పెట్టాను.

"జర ఊకోవే. నీకు గింత సన్నకుట్టు ఈ జన్మల రాదు" అని మొహం అటు తిప్పుకుంది. అందులో వెక్కిరింత లేదు, నొచ్చుకుంది. ఏడాది కష్టం అంతా గుర్తొచ్చి నాకు కోపం ముంచుకొచ్చింది. "నమ్మకుంటే పాయె" అనేసి లేచి వచ్చేశాను. ప్రాణం మీదికొచ్చిన మనిషితో అనే మాటేనా అది! రేపు సూదీ దారం పట్టుకెళ్లి, ఎదురుగా కూర్చుని నాలుగు కుట్లు వేసి చూపిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి కబురు వచ్చింది.

పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచరు కదా, ఆ బొంతను కూడా ఆమెతోపాటే తీసుకుపోయి కాల్చేశారు. నేను అడ్డు చెప్పలేదు. ఆమెకు నాదని తెలియని బొంత మీద నాకేం హక్కు? నా పెద్ద పెద్ద కుట్లతోనే, ఏడాది ముందే ఇచ్చి ఉంటే, తడమగానే నన్ను గుర్తుపట్టేది, కోడిపిల్ల మాట అని కడుపునిండా నవ్వేది. ఎంత పాపిష్టిదాన్ని!

ఇప్పుడు మా ఊళ్లో బొంతలు కుట్టేవాళ్లెవరూ కనిపించరు. బజార్లో మెత్తటి రగ్గులు దొరుకుతాయి, ఎవరి రగ్గు వాళ్లదే, ఎదురుగా ఇంకో మనిషి కూర్చోనక్కరలేదు. ఊడిన సగం మిషన్ మీద వేయించుకొస్తానంది కోడలు. వద్దని, సూదిలో దారం ఎక్కించి ఇమ్మన్నాను. ఎప్పటిలాగే వంకరటింకరగా కుట్టుకుంటూ నిన్న సాయంత్రానికి నడిమిదాకా వచ్చాను. అటువైపు నుంచి ఎవరి మోకాలూ తగల్లేదు.