లోపలి బ్యాటరీ

నాకు నోరెక్కువ. చేతికన్నా ముందు నోరే పనిలోకి దిగుతుందని మా అమ్మ తిట్టేది. ఆ నోటికి మా ఇంట్లో అందరికన్నా ఎక్కువగా దొరికినవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. తిరుత్తణిలో నేతవాళ్ల వీధిలో వాళ్ల ఇల్లు. నేను తిరువళ్లూరులో ఉంటాను, ఒక కంపెనీ స్టోర్స్‌లో పని. సెలవు దొరికితే, ముఖ్యంగా శుక్రవారాలు, రైలెక్కి వాళ్లింటికి పోతాను.

బావ మంచి నేతగాడు. పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయాక మగ్గం దిగాడు. ఒంటి చేత్తో మగ్గం నడవదు కదా, ఇప్పుడు అక్కే నేస్తోంది. ఆయనకి మిగిలింది కీబోర్డు ఒక్కటే. వీధి భజనకి వయసులో ఉన్నప్పటినుంచీ ఆయనే వాయించేవాడు, చేయి పోయాక కూడా మానలేదు. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ఒక బటన్ నొక్కేవాడు. శ్రుతి, తాళం, ఎడమచేతి వైపు వాయింపు అంతా పెట్టెలోంచి వచ్చేది. దాని మీద కుడిచేత్తో పాట వాయించేవాడు. శుక్రవారం వస్తే చాలు, స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని అందరికన్నా ముందే పోయి కూర్చునేవాడు. మగ్గం దిగినాక ఆయన మొహంలో వెలుగు చూడాలంటే ఆ పూటే చూడాలి.

నేనూ పోయి కూర్చునేవాణ్ణి. కూర్చుని ఊరుకుంటే అది నేనెందుకవుతాను? "అంతా మిషనే వాయిస్తా ఉండాది, మా బావ సుమ్మా కూసోనుండాడు" అనేవాణ్ణి. సుమ్మా అంటే మా వైపు ఊరికే అని. అందరూ నవ్వేవాళ్లు. బావ కూడా నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని పోయినప్పుడల్లా అదే మాట అనేవాణ్ణి.

మొన్న ఆయుధ పూజకి కొన్నాళ్ల ముందు బావ ఫోన్ చేశాడు. "అబ్బా, స్విచ్చేస్తానే ఇంగ్లీషులో ఏందో వస్తా ఉండాది. రవంత చూసి చెప్పు" అని కీబోర్డు తెర ఫోటో పంపాడు. "ఇంటర్నల్ బ్యాటరీ లో" అని ఉంది, అంటే లోపలి బ్యాటరీ అయిపోవస్తోందని. అడాప్టర్ మార్చి చూడమన్నాను. మార్చాడు, పోలేదు. వేరే ప్లగ్గులో పెట్టమన్నాను. పెట్టాడు, అప్పుడూ పోలేదు. మా కంపెనీలో ఒక కంప్యూటర్‌కి ఇలాగే వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లోపల గడియారానికి వేసేలాంటి బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే ఆ కంప్యూటర్ తేదీ తప్పు చూపించేది, అంతే.

"తేదీ పోతాది బావా, ఇంకేం పోదు. బిళ్ల నేను కొనుక్కోనొచ్చి మారుస్తాలే" అన్నాను.

ఆయనకి నమ్మకం కుదరలేదు. రిపేరు షాపులో అడిగాడట. లోపలున్నదంతా ముందు ఫ్లాపీలోకి ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే బ్యాటరీ మార్చాలి, అందాకా స్విచ్చు ఆపవద్దు అని షాపతను చెప్పాడట. అది పాత పెట్టె, పెన్‌డ్రైవ్ పట్టదు. ఈ కాలంలో ఫ్లాపీ ఎవరమ్ముతారు? పూజ సెలవులయ్యాక మద్రాసులో వెతికి తెస్తానన్నాడు ఆ షాపతను. అందుకని బావ కీబోర్డు ఆపకుండా పెట్టాడు. కరెంటు పోతే కష్టమని పక్కింటి ఇన్వర్టర్ నుంచి వైరు లాక్కున్నాడు. ఇదంతా అక్క ఫోన్‌లో చెబితే, "అంగడి పెట్టుకున్నోడు అట్నే బెదిరిస్తాడు లేక్కా" అని నవ్వేశాను.

ఆయుధ పూజ రోజు మాలో పనిముట్లకి సెలవు. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె, నూలు కండెలు, కత్తెర అన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి సామి ముందర పరుస్తాం. పూజలో పెట్టినదాన్ని మర్నాడు విజయదశమి పొద్దున దాకా ఎవరూ ముట్టరు. నేను జేబులో బిళ్ల వేసుకుని పోయేసరికి అక్క అన్నీ సర్దుతోంది. బావ బూడిద గుమ్మడికాయకీ బొరుగులకీ బజారుకి పోయాడు. నాడె పక్కన కీబోర్డు లైట్లతో వెలుగుతూ ఉంది. దాని వైరు కిటికీలోంచి పక్కింటికి పోతోంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏందక్కా ఇది? పూజలో పెట్టినాక కూడా దానికి పనేనా? తడి గంధం పూస్తావు, నీళ్లు చల్లుతావు, షాక్ కొడితే యాడికి పోతావు?"

"తీయొద్దని చెప్పినాడు మీ బావ. ఆయన్ని రానీరా."

"సుమ్మా ఉండక్కా, నాకు తెల్దా?" అని వైరు పీకేశాను. లైట్లు ఆరిపోయాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, గంధం పూసి, బొట్టు పెట్టి, మీద కొత్త తుండు కప్పాను. ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

బావ గుమ్మడికాయ చంకన పెట్టుకుని వచ్చాడు. తుండు వైపు చూశాడు. కిటికీలో వేలాడుతున్న వైరు వైపు చూశాడు.

"తీసినావా?"

"తీసినా బావా. సామి ముందర దానిక్కూడా రెస్టు వద్దా?"

"సరేలే" అన్నాడు. చంకలో కాయ ఉన్న సంగతి కూడా మర్చిపోతే అక్కే అందుకుంది. ఆయన ఊరుకున్నాడు కాబట్టి నా మాట ఒప్పుకున్నాడనుకున్నాను. ఛీ, ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత.

విజయదశమి పొద్దున కర్పూరం వెలిగించి, ఎవరి పనిముట్టు వాళ్లు ముట్టుకుని పని మొదలుపెట్టాలి. అక్క మగ్గం మీద ఒకసారి నాడె ఆడించింది. బావ కీబోర్డు స్విచ్చు వేశాడు. ఇంగ్లీషు హెచ్చరిక వచ్చి పోయింది. ఎప్పుడూ నొక్కే బటన్ నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకొకటి నొక్కితే కంపెనీవాళ్లు పెట్టిన ఏదో డిస్కో తాళం దబదబా మోగింది. దాన్ని ఆపి మళ్లీ మొదటి బటన్ నొక్కాడు.

"వైరు సరిగా ఎక్కలేదేమో" అని నేను ప్లగ్గు కదిలించాను.

"పోయిందిరా" అంది అక్క.

"తాళమే గదక్కా. మిషన్లో ఇంకా ఎన్నో ఉంటాయి, ఇంకోటి పెట్టుకుంటే సరి."

"మిషన్ది కాదురా అది. చెయ్యి పడిపోకముందు ఒక్కో పాటకీ మీ బావే ఎడమచేత్తో వాయించి దాంట్లో పెట్టుకోనుండె. శుక్రవారం శుక్రవారం నువ్వు ఇన్నింది ఆయన చెయ్యేరా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్ని శుక్రవారాలు ఆ చేతిని పట్టుకుని మిషనన్నాను! ఆయన పక్కనే ఉండి నవ్వాడు కదా, అవునో కాదో ఒక్కసారైనా చెప్పలేదు. బావ తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"బ్యాటరీ తెచ్చినా అంటివే" అన్నాడు. "మార్చబ్బా. ఇంక భయమేముంది, పోయేదానికి లోపల ఏం లేదు."

స్క్రూలు విప్పాను. పాత బిళ్ల తీసి కొత్తది వేశాను. స్విచ్చు వేస్తే హెచ్చరిక రాలేదు. తెర శుభ్రంగా ఉంది. "బాగైంది" అన్నాడు బావ. నేను స్క్రూలు బిగించాను.

సాయంత్రం పండగ భజనకి రాడేమో అనుకున్నాను. పంచె కట్టుకుని వచ్చాడు. కుడిచేయి ఒక్కటే వాయిస్తుంటే పాట బక్కచిక్కి వినిపించింది. తాళాలవాళ్లు గట్టిగా కొట్టి సర్దుకున్నారు. ఒక పాట అయ్యాక, ముందు కూర్చుని పాడే పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఏమబ్బా, ఈ పొద్దు మీ బావ మిషన్ సుమ్మా ఉండాదే?"

నేనేమంటానో అందరికీ కంఠతా వచ్చు. అప్పుడే నవ్వు మొహాలు పెట్టుకుని నా వైపు చూశారు.

"ఇన్నాళ్లూ వాయించింది మిషన్ కాదు మామా" అన్నాను. "మా బావ ఎడమచెయ్యి. దాన్ని నేనే పీకేసినా."

ఎవరూ నవ్వలేదు. బావ ఎడమచేతిని ఒళ్లో సర్దుకున్నాడు.

"వానికి నోరెక్కువలే" అన్నాడు. "పాట ఎత్తుకోండి."