హంపి వంతెన దగ్గర అప్పన్న మేస్త్రి

తుంగభద్ర ఒడ్డున, పాత వంతెన స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. పొద్దు వాలిపోతోంది గానీ రాయి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం అరచేతిలోంచి మెల్లగా మోచేతిదాకా పాకింది. నది నడుమదాకా అలాంటి స్తంభాలే, గుంపులు గుంపులుగా, పైన మోయడానికి ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలో వాటి మీదుగా జనం అవతలి ఒడ్డుకు నడిచేవారట. ఇప్పుడు వాటి మధ్యనుంచి నీళ్ళు మాత్రమే వెళ్తున్నాయి. మా ఆయన బుట్టలాంటి పుట్టి పడవ ఎక్కి, నది మీద గుండ్రంగా తిరుగుతూ, నన్నూ రమ్మని చేతులూపుతున్నాడు. నేను కదల్లేదు. అప్పన్న మేస్త్రిగారు నా పక్కనే నిలబడి, "ఏలెట్టి సూడమ్మా" అన్నట్టనిపించింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. విశాఖపట్నంలో రేవుకి దగ్గరగా, ఖనిజం గుట్టలుగా పోసే ఒక యార్డులో ఆయన మేస్త్రి. విజయనగరం వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి కుర్రతనంలోనే వచ్చి, మల్కాపురంలో రెండు గదుల ఇంట్లో స్థిరపడిపోయారు. నేను ఉక్కునగరంలో పెరిగినదాన్ని. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఇంజనీరింగు పూర్తిచేసి ఆ యార్డులో ట్రెయినీగా చేరిన రోజున నా దగ్గర కొత్త హెల్మెట్టు, కొత్త ఫైలు, బోలెడంత గీర ఉన్నాయి. మేస్త్రిగారు నన్ను ఎగాదిగా చూశారు.

"ఏటమ్మా, ఫైలట్టుకొచ్చినావు? బ్రిడ్జికి సదువు రాదు. అది పక్కనెట్టీసి ఏలు ఇలా తే" అన్నారు.

యార్డు మధ్యలో రైలు పట్టాలు. వాటి మీదుగా ఒక పాత ఇనప ఫుట్‌బ్రిడ్జి. మూడు షిఫ్టుల వాళ్ళూ క్యారేజీలు పట్టుకుని దాని మీదనుంచే పనిలోకి వచ్చేవారు, దాని మీదనుంచే ఇళ్ళకు పోయేవారు. అదంతా రివెట్లతో, అంటే గుండ్రటి తలల ఇనప మేకులతో, బిగించిన కట్టడం. ఏటా వాటిని ఒక్కొక్కటే పరీక్షించి, గట్టిగా ఉన్నదాని పక్కన సుద్దముక్కతో టిక్కు పెట్టడం మేస్త్రిగారి పని. నా చూపుడువేలు తీసుకెళ్ళి ఒక రివెట్ తల అంచున ఆనించి, రెండో వైపునుంచి చిన్న సుత్తితో టంగుమని కొట్టారు.

"గట్టిగున్నది గంటలాగ పలుకుతాది. వదులైపోనాదనుకో, బొంగురుగా పలుకుతాది, ఏలుకి కితకితలెడతాది. సెవీ ఏలూ రెండూ ఒప్పుకోవాల. అప్పుడే టిక్కు" అన్నారు.

రెండో వారంలో ఒళ్ళు బరువెక్కి, పైకెక్కకుండా కిందనుంచే చూసి ఒక ఇరవై రివెట్లకు టిక్కులు పెట్టేశాను. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. భుజం మీద తువ్వాలు తీసి, నిచ్చెనెక్కి, ఆ టిక్కులన్నీ తుడిచేసి దిగారు. తువ్వాలు నా చేతికిచ్చి, "ఉతికి తే. మళ్ళీ సూడు" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తువ్వాలు ఇంటికి తీసుకెళ్ళి ఉతుకుతుంటే మా అమ్మ, "ఇదేం ఉద్యోగమే, చాకిరేవు ఉద్యోగమా?" అని నవ్వింది. అమ్మకి ఏం చెప్పను? ఆ రోజు నుంచి ఆయనంటే భయం, ఆ భయం కిందే బోలెడంత ఇష్టం మొదలయ్యాయి.

పనిముట్ల గదిలో ఆయన ఒక పాత క్యాలెండరు బొమ్మ పెట్టుకునేవారు. తేదీల కాగితం ఎప్పుడో చింపేశారు, బొమ్మ మాత్రం ఉంది. నదిలో రాతి స్తంభాలు, వెనక గుండ్రటి బండల కొండలు. "ఇది హంపీ అటమ్మా. బ్రిడ్జి పోనాది గానీ కాళ్ళు పోలేదు సూడు. ఆ మేస్త్రీ ఎవుడో గానీ, ఎల్లి దండవెట్టుకు రావాల" అనేవారు. తీరిక దొరికినప్పుడల్లా ఆ బొమ్మ ముందు కూర్చుని టీ తాగేవారు. అలాంటప్పుడు నేను వెనకనుంచి పిలిస్తే పలికేవారు కాదు. ధ్యాసలో ఉన్నారనుకునేదాన్ని.

నేను చేరిన మూడో ఏట, ఆయన రిటైరవడానికి ఇంకో ఎనిమిది నెలలుందనగా నిజంగానే హంపి వెళ్ళాం. ఆయన భార్య రమణమ్మగారికి తుంగభద్రలో స్నానం చెయ్యాలని కోరిక, ఆయనకు వంతెన చూడాలని. ఇద్దరికీ తెలుగు తప్ప మరో భాష రాదు కాబట్టి, నాకు హిందీ వచ్చు కాబట్టి, నన్నూ తోడు రమ్మన్నారు. గుంతకల్లు మీదుగా వెళ్ళి హోస్పేటలో దిగాం. అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా బండలు ఒకదాని మీద ఒకటి, ఇంకాసేపట్లో దొర్లిపోతాయేమో అన్నట్టుగా నిలబడి ఉన్నాయి. ఎక్కడ చూసినా రాతి మండపాలు, వాటి నీడలో మేకలు. అంత పెద్ద నగరంలో మాట్లాడే మనిషి లేడు. రమణమ్మగారు ఆటోలోంచి తల బయటపెట్టి, "ఒలమ్మో, ఇంతమంది రాజులూ యే ఊరెల్లిపోనారే?" అని నన్నడిగారు. ఆ రోజంతా నేను నడిచానో తేలానో చెప్పలేను. ఎండ కూడా పలచగా, పసుపు రంగులో ఉన్నట్టు గుర్తు.

విఠల గుడిలో సంగీత స్తంభాలు చూపించడానికి తెలుగు వచ్చిన గైడు దొరికాడు. ఆ రాతి స్తంభాలు మీటితే స్వరాలు పలుకుతాయట. కానీ ముట్టుకోనివ్వరు, కాపలావాడు ఈల వేస్తాడు. "అందుకే రికార్డు చేసి పెట్టాను, వినండి" అంటూ గైడు ఫోను పైకెత్తి నొక్కాడు. అందరం మెడలు చాచాం. ఏమీ వినిపించలేదు. గైడు మొహం చిట్లించి మళ్ళీ ఫోనులోకి చూసుకుంటున్నాడు. అప్పుడు మేస్త్రిగారు కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ, "ఆహా! గంటలాగ పలికినాది" అన్నారు.

"పెద్దాయనా, ఇంకా పాడనే లేదు!" అన్నాడు గైడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయాను. రమణమ్మగారు నవ్వలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు. వెనకనుంచి పిలిస్తే ఎందుకు పలకరో, ఎవరు మాట్లాడినా కళ్ళలోకి కాకుండా పెదాల కేసి ఎందుకు చూస్తారో, ఫోను మోగితే ఎందుకు ఇంకొకరి చేతికిస్తారో, అన్నీ ఒక్కసారే అర్థమైపోయాయి.

అక్కణ్ణుంచి నదిదాకా నడిచాం. ఆ రోజు నీళ్ళు తక్కువ. బండల మీదనుంచి వెళ్ళి ఆయన ఒక స్తంభాన్ని ముట్టుకున్నారు, కళ్ళకద్దుకున్నారు. గాలి చల్లగా వీస్తోంది. రమణమ్మగారు దూరంగా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి మొహం కడుక్కుంటున్నారు. నేను ఆయనకెదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఎన్నాళ్ళయింది మేస్త్రిగారూ?" అన్నాను.

నా పెదాలు చూసి తల దించుకున్నారు. "రెండేళ్ళు. యార్డు రొదకి మెల్లమెల్లగా పోనాది."

"మరి రివెట్లు?"

"ఏలున్నాది కదమ్మా. ఏలు సెప్తాది." స్తంభం మీద చెయ్యి ఆనించి, "సుత్తి లాగేసుకుంటారమ్మా. సుత్తి లేపోతే నాను ఏటి? మల్కాపురంలో నన్ను ఎవుడు మేస్త్రీ అని పిలుత్తాడు? ఎనిమిది నెలలు. అంతే. నాను కొడతాను, నువ్వు ఇను. ఎవులికీ సెప్పకు తల్లీ" అన్నారు.

ఆయన నన్ను తల్లీ అనడం అదే మొదటిసారి. ఏం అడిగినా ఒప్పుకునేదాన్ని, ఇదెంత? సరేనన్నాను. ఆయన ఒక గులకరాయి తీసుకుని స్తంభం మీద మెల్లగా కొట్టి, "ఎలా పలికినాది?" అని అడిగారు. "బాగుంది మేస్త్రిగారూ" అన్నాను. నిజంగానే బాగుంది. ఆయన నవ్విన నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం ఆ బండల మీదే కూర్చుని ఉప్పూకారం జల్లిన మామిడిముక్కలు తిన్నాం. నదీ, రాళ్ళూ, ఆకాశం అన్నీ ఒకే రంగులోకి తిరిగేదాకా లేవబుద్ధి కాలేదు.

విశాఖపట్నం తిరిగొచ్చిన పది రోజులకే ఫుట్‌బ్రిడ్జి పరీక్ష. పొద్దున్నే మొదలుపెట్టాం. ఆయన కొట్టడం, నేను వినడం, తల ఊపితే టిక్కు. నాకు గర్వంగా కూడా ఉంది, ఆయన చెవులు నేనేనని. మధ్య దూలం దగ్గరికొచ్చేసరికి ఒక రివెట్ బొంగురుగా పలికింది. దాని పక్కన పోయినేడాది సుద్ద గీత ఇంకా లీలగా కనబడుతోంది. అది ఆయన పెట్టిన టిక్కే. ఆయన వేలు దాని మీదే ఉంది. ఆ వేలికి ఏమీ తెలియలేదు.

ఇది వదులని నేనంటే, పోయినేడాది ఈయన చూసిందంతా తప్పని అన్నట్టే. నా నోటికి అడ్డం పడిందేమిటో నాకే తెలియదు. "బాగుంది" అన్నాను.

ఆయన టిక్కు పెట్టలేదు. మళ్ళీ కొట్టారు. "ఇప్పుడు?"

"బాగుంది మేస్త్రిగారూ."

కింద రెండో షిఫ్టు వాళ్ళు మెట్లెక్కుతున్నారు. ఆయన సుత్తి దించి నన్నే చూశారు. "ఇందాకట్నుంచీ నీ కళ్ళు సుత్తి కాడున్నాయి. ఈ ఒక్కదాని కాడ నా మొగం కాడున్నాయి" అన్నారు. తర్వాత గొంతు పెంచారు. అంతకుముందెప్పుడూ నా మీద అరవని మనిషి. "నాకోసం అబద్ధం ఆడతావేటి? ఆళ్ళెవులనుకున్నావు? రోజూ నా ఇంటి ముందునుంచి ఎల్లినోళ్ళే కదేటి! హంపీలో నాను బుద్దిలేక అడిగినాను. నువ్వేల ఒప్పుకున్నావు?"

ఆయన వెళ్ళి మెట్లకడ్డంగా నిలబడి, జనాన్ని చుట్టు తిరిగి గేటువైపునుంచి పొమ్మన్నారు. బావా, ఇదేటి అని వాళ్ళు గొడవ చేస్తున్నా కదల్లేదు. అందరూ వెళ్ళాక మెట్లకు తాడు కట్టి, నా చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి తీసుకెళ్ళారు.

"సార్, ఫుట్‌బ్రిడ్జి మూసీండి. రివెట్లు వదులైపోనాయి" అన్నారు.

మేనేజరు మంచివాడే. ఫైలు తీసి, తల వంచుకుని చూస్తూ, "పోయినేడాది అన్నీ బాగున్నాయని రాసుందే. ఎవరు చూశారు?" అని గొణిగాడు. తల వంచుకున్నాడు కాబట్టి పెదాలు కనబడలేదు. మేస్త్రిగారు నా వైపు తిరిగారు.

"ఏటంతన్నారమ్మా?"

"పోయినేడాది ఎవరు చూశారని అడుగుతున్నారు" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయనకు అందింది. "మరి సెప్పు. నువ్వే సెప్పాల. సార్‌కి ఇనపడాల, నాకూ ఇనపడాల" అన్నారు.

ఆయన నా పెదాల కేసి చూస్తూ నిలబడ్డారు, ఎంతసేపైనా నిలబడేటట్టున్నారు. చివరికి అరిచాను. "మీరే మేస్త్రిగారూ! పోయినేడాది మీరే చూశారు. మీకు చెవులు వినపడవు!" పక్క గదిలో మాటలు ఆగిపోయాయి. మేనేజరు తలెత్తాడు.

"ఇంకా ఉన్నాది కదా?" అన్నారు ఆయన.

"ఇందాక వదులు రివెట్‌ని బాగుందన్నాను. రెండుసార్లు అన్నాను. అబద్ధం చెప్పాను!" అని అరిచి, అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

"ఆఁ, ఇప్పుడు ఇనపడ్డాది" అన్నారు. సుత్తి మేనేజరు బల్ల మీద పెట్టేసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

వంతెన మూసి చూస్తే ఇంకో పది దాకా వదులు రివెట్లు బయటపడ్డాయి. వాటిని మార్చేదాకా జనం చుట్టు తిరిగి నడిచారు, మమ్మల్నిద్దర్నీ తిట్టుకుంటూ. మిగిలిన నెలలు ఆయన స్టోరులో కూర్చుని నట్లు బోల్టులు ఇచ్చే పని చేశారు. నేను ఎదురుపడలేక తప్పించుకు తిరుగుతుంటే ఒకరోజు పిలిచి, "ఏలమ్మా దాక్కుంతన్నావు? నాకు రెండేళ్ళుగా లేని నిద్దర ఇప్పుడు పడతన్నాది" అన్నారు. మల్కాపురంలో అందరూ ఆయన్ని చివరిదాకా మేస్త్రీ అనే పిలిచారు.

ఇప్పుడు సీతమ్మధారలో కాపురముంటూ నేనే పరీక్షల బృందానికి పెద్దని. తప్పు ఎక్కడైనా కనబడితే చాలు, నా గొంతు దానంతటదే లేస్తుంది. అది నాది కానీ, ఇంకొకరిది కానీ. వెనకాల కుర్రవాళ్ళు మైకు మేడం అంటారని నాకు తెలుసు. మా ఆయన కూడా, మెల్లగా చెప్పొచ్చు కదా అని విసుక్కుంటాడు. మెల్లగా చెప్పడం నాకు ఒకప్పుడు చాలా బాగా వచ్చేది. తనమీద పడే తప్పు తన చెవికి చేరేదాకా కదలని మనిషి ముందు నిలబడి అరిచాను చూడండి, ఆ తర్వాత ఇంక ఆ గొంతు కిందికి దిగలేదు.